కాటుకమ్మ తాబేలు, ఇద్దరు వైద్యులు

పాత ఇటుకల దిబ్బకూ సాగునీటి కాలవకూ మధ్య ఒక పశువుల చావిడి ఉంది. దిబ్బ కింద పురాతన నగరమేదో ఉందని ఆరేళ్లపాటు తవ్వకాలు జరిగాయి. నగరం దొరికిందా లేదా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. తేలిన విషయం ఒక్కటే: ఆ ఆరేళ్లూ మట్టి మోసింది గాడిద గవరయ్య. బుట్టలో పడే ప్రతి పెంకునూ పట్టుకుని "ఇది ఏ పొరలో దొరికింది? పక్కన ఏముంది? ఎవరు చూశారు?" అని అక్కడివాళ్లు అడుగుతుంటే విని విని, గవరయ్యకూ అదే అలవాటైపోయింది. తవ్వకాలు ముగిసి చావిడికి చేరాక, గడ్డి వేసినా "ఇది ఏ వామిలోది?" అని అడిగేవాడు. అందుచేత అక్కడ అతనికి పేరు ఎక్కువ, గౌరవం తక్కువ.

ఆ చావిడిలోనే గేదె కాటుకమ్మ ఉండేది. ఆమెకు ఒక పెంపుడు తాబేలు. నవ్వకండి, మనుషులు కుక్కల్ని పెంచుకోవడం లేదా? మూడేళ్ల కిందట ఆమె కాలవలో పొర్లి ఒడ్డెక్కినప్పుడు, వీపు మీది బురదలో డబ్బా మూతంత తాబేలు పిల్ల ఒకటి అంటుకుని వచ్చింది. అది తనంత తానే తోక పట్టుకుని పైకెక్కిందని ఎద్దు కోటన్న చెబుతాడు. కోటన్న ఆ రోజు సంతలో ఉన్నాడు గనుక ఆ సాక్ష్యాన్ని మనం పక్కన పెడదాం. కాటుకమ్మ మాత్రం దాన్ని తిరిగి కాలవలో వదల్లేదు. చావిడిలో ఎండ పొడ తగలని మూలన ఉన్న రాతి తొట్టిలో దింపి, ముత్యాలు అని పేరు పెట్టి, తన కుడితిలోని తవుడు ముద్దలు మూతితో తోసి పెడుతూ పెంచింది.

కార్తిక మాసం వచ్చేసరికి ముత్యాలు జబ్బు పడింది. రెండు కనురెప్పలూ నానబెట్టిన శనగల్లా ఉబ్బి మూసుకుపోయాయి. డిప్ప అంచును తాకితే తడిసిన అట్టలా లోపలికి పోతోంది. తొమ్మిది రోజులుగా తిండి లేదు. పదో రోజు పొద్దున కాటుకమ్మ పాలు చేపడం మానేసింది.

"అమ్మా, తెల్లారిందా?" అని అడిగింది ముత్యాలు.

"ఎప్పుడో తెల్లారింది తల్లీ."

"నాకింకా తెల్లారలేదు."

కాటుకమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

ముందురోజే గొడ్ల డాక్టరు మోటారుసైకిలు మీద వచ్చి అందరికీ గాలికుంటు టీకాలు వేశాడు. పోతూ పోతూ తొట్టిలోకి తొంగిచూసి, "నాకు ఆవులూ గేదెలూ తెలుసు, ఇది తెలియదు" అని తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. ఈ పది రోజుల్లో తను విన్న నమ్మదగిన మాట అదొక్కటేనని గవరయ్య అన్నాడు. నమ్మదగిన మాటతో జబ్బు తగ్గదు గదా!

"వాత పెట్టించు చెల్లెమ్మా," అన్నాడు కోటన్న పక్క కొట్టంలోంచి మెడ చాచి. "నాకు వాయువు పట్టినప్పుడు కాల్చిన కడ్డీతో మూడు వాతలు పెట్టారు. ఇదుగో, నిక్షేపంగా ఉన్నాను."

"వాత పెట్టినందుకు బతికావా, వాత పెట్టినా బతికావా?" అన్నాడు గవరయ్య.

కోటన్న నెమరు ఆపి చాలాసేపు ఆలోచించాడు. ఆ ప్రశ్న అతన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. "బతికాను గదా!" అన్నాడు చివరికి.

"మరేం చెయ్యమంటావు గవరయ్యన్నా?" అంది కాటుకమ్మ. "ఎవరిని అడిగినా తమకు పనిచేసిందే చెబుతున్నారు. మేకేమో వేపాకు మేపమంటుంది. కుక్కేమో గడ్డి తినిపించి కక్కించమంటుంది. కక్కడానికి దీని కడుపులో ఏముందని?"

"మనం అడిగే ప్రశ్నే తప్పు చెల్లెమ్మా. తాబేళ్ల వైద్యం ఎవరికి తెలుసంటే అందరికీ తెలుసు. జబ్బుపడి బతికిన తాబేలు ఎక్కడుందో అడగాలి. దాన్ని పట్టుకుంటే, దాన్ని బతికించినవాళ్లు దొరుకుతారు."

కాటుకమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. తన వీపు మీద పురుగులు ఏరుకుంటున్న కొంగ సూరన్నకేసి తల తిప్పింది. "విన్నావా సూరన్నా? మూడేళ్లుగా నా వీపే నీ వంటిల్లు. ఈ ఒక్క పని చేసిపెట్టు నాయనా!"

"కాలవ మొదలు నుంచి చివరిదాకా ప్రతి రాతినీ అడుగుతాను పెద్దమ్మా!" అంటూ సూరన్న రెక్కలు విప్పాడు. రెండు చుట్లు తిరిగి, ఎటువైపు మొదలో ఎటువైపు చివరో నిర్ధారించుకుని, పడమరకు ఎగిరిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం గుంటనక్క గుణాకరుడు వచ్చాడు. రోజూ కంచె సందులోంచి దూరేవాడు ఆ పూట గేటు ముందు నిలబడి, రెండుసార్లు దగ్గి, ఎవరని అడిగించుకుని మరీ లోపలికి వచ్చాడు. మెడలో తాడుకు వేలాడుతూ తళతళలాడే లోహపు రేకు ఒకటి ఉంది. దాని నిండా అక్షరాలు.

"ఇక్కడ ఒక కూర్మ రోగి ఉందని విన్నాను," అన్నాడు గంభీరంగా. "మా ఏడో తరం తాతగారు మహారాజుగారి కొలనులోని తాబేలుకు పోయిన చూపు తెప్పించినవారు. ఆ సంతోషంతో రాజు ఏడు ఊళ్లు రాసిచ్చిన రాగి శాసనం ఇది. నాటి నుంచి తాబేళ్లు మొదలు ఏనుగుల దాకా మా ఇంటి వైద్యానికి లొంగని రోగం లేదు. నేను ఎవరివద్దా ఏమీ పుచ్చుకోను. ఇది మా కులధర్మం."

కోటన్న ముందుకాళ్లు వంచి దండం పెట్టేశాడు. "మహానుభావులు! మీ పాదధూళి పడింది, అదే మాకు చాలు!"

"కోటన్నగారూ, మీవంటి పెద్దలున్న చావిడి గనుకే వచ్చాను."

కోటన్న మూపురం మరో అంగుళం లేచింది.

"నా బిడ్డ చూస్తుందా బాబూ? తింటుందా?" కాటుకమ్మ అడుగు ముందుకు వేసింది.

"ఏడు రోజుల్లో పరిగెడుతుంది! అయితే మా పద్ధతి ఒకటుంది తల్లీ. ఈ రోగానికి వెలుతురు విషం. రోగిని తడి గోనెసంచిలో చుట్టి, గోనె పైనుంచే నాడి చూడాలి. తరవాత కొండ గుహలోని మా ఆరోగ్యశాలకు నేనే స్వయంగా మోసుకుపోతాను. అక్కడ మెడా కాళ్లూ బయటికి చాపి పడుకోబెట్టి తైలం పట్టించాలి. ఆ ఏడు రోజులూ అయినవాళ్లు ఆ చాయలకు రాకూడదు."

"తీసుకుపో బాబూ, ఇప్పుడే తీసుకుపో!"

"ఒక్క క్షణం," అన్నాడు గవరయ్య.

చావిడి మొత్తం నిట్టూర్చింది.

"ఈ శాసనం ఏ చోట దొరికింది వైద్యులవారూ?"

"దొరకడమేమిటి? మా ఇంట్లోనే ఉంది, వంశపారంపర్యంగా."

"నేను మట్టి మోసిన రోజుల్లో ఒక రాగి శాసనం బయటపడింది. నా కళ్లతో చూశాను. ఎడమపక్క ఒకే రంధ్రం, దానికి కడియం, కడియానికి రాజముద్ర. మీదానికి నాలుగు మూలలా నాలుగు రంధ్రాలున్నాయి. అదీగాక రాగి ఇంత తెల్లగా మెరవదు."

"రోజూ తోముతాం," అన్నాడు నక్క తడుముకోకుండా. "నాలుగు దిక్కులకూ నాలుగు రంధ్రాలు. మా రాజు మీ రాజుకంటే గొప్పవాడు."

"పోనీ, అసలైనదే అనుకుందాం. రాజు భూమి ఇచ్చాడని అది చెబుతుంది. తాబేలు బతికిందని ఎక్కడ చెబుతుంది?"

"గవరయ్యా!" కాటుకమ్మ కొమ్ములు విసిరింది. "పదకొండు రోజులైంది నా బిడ్డ తిండి తిని. అది చచ్చిపోతుంటే నీకు రంధ్రాల లెక్కా?"

"అదీ మాట!" అన్నాడు కోటన్న. "గాడిద వైద్యుణ్ణి ప్రశ్నించడం మా తాతల నాటి నుంచీ లేదు."

గవరయ్య చెవులు వాలిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆకాశంలోంచి గట్టి కేక వినిపించింది.

"పెద్దమ్మా! దొరికింది! దొరికిందోయ్!"

సూరన్న గడ్డివామి మీద వాలి, జారి, కింద పడి, లేచాడు. "మూడో లాకు దగ్గర ఒక ముసలి తాబేలు! రెండేళ్ల కిందట అచ్చం ఇలాగే కళ్లు వాచి పడి ఉందట. ఇప్పుడు అది నన్నే తరిమింది! బాగుచేసింది ఒక నీటికోడి. పేరు పైడమ్మ. తీసుకొచ్చాను. వస్తోంది... అదుగో, చేలోంచి నడిచి వస్తోంది. ఆవిడకు ఎగరడం బాగా రాదు."

కంచె కింద నుంచి పావురమంత నల్ల పిట్ట ఒకటి దూరి వచ్చింది. నుదుట ఎర్రమచ్చ, ఒళ్లంతా దుమ్ము, పచ్చటి కాళ్లకు పొలం మట్టి. మెడలో ఏమీ లేదు.

"రోగి ఎక్కడ?" అంది వస్తూనే.

గుణాకరుడు ఆమెను తలనుంచి కాళ్లదాకా చూసి నవ్వాడు. "నీటికోడా! నాచు ఏరుకునే పిట్టకు నాడీశాస్త్రం దేనికి? ఏమ్మా, నీకు ఏనుగుల వైద్యం తెలుసా?"

"తెలియదు."

"ఎద్దుల వైద్యం?"

"అదీ తెలియదు. నీళ్లలో మసిలేవాళ్ల సంగతే కొంత తెలుసు."

"విన్నారా కోటన్నగారూ? తెలియదట, తెలియదట, కొంత తెలుసట!"

కోటన్న జాలిగా తల ఊపాడు. పాపం పిట్ట అనుకున్నాడు.

కాటుకమ్మ ఒకసారి నక్కకేసి, ఒకసారి పిట్టకేసి చూసింది. బిడ్డ ఒకటి, వైద్యులు ఇద్దరు. ఏడు ఊళ్లు పుచ్చుకున్న వంశం ఒకవైపు, కాళ్లకు మట్టి మరోవైపు. ఎవరికి అప్పగిస్తే బతుకుతుంది? ఎవరికి అప్పగిస్తే పోతుంది?

"చెల్లెమ్మా, ఇలా రా," అని గవరయ్య ఆమెను చావిడి లోపలికి తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "మూడేళ్లుగా ముత్యాలు ఇక్కడే ఉంది. డిప్ప రాయిలా ఉన్నన్నాళ్లూ ఈ వైద్యుడికి దయ కలగలేదు. అది మెత్తబడగానే కలిగింది. కాకతాళీయమే కావచ్చు. నేనేమీ తేల్చి చెప్పను. పరీక్ష చేద్దాం. దిబ్బ మీది మట్టిలో దొరికిన పాత డిప్ప ఒకటి నా దగ్గరుంది. 'ఇది నిన్నమొన్నటిది' అని తవ్వకాలవాళ్లు పారేస్తే తెచ్చుకున్నాను. దానిలో తడిమట్టి కూరి గోనెలో చుడదాం. నాడి చూడమందాం. లోపల ఎవరూ లేరని చెప్పినవాళ్లే వైద్యులు. ఆ మాట నక్క చెబితే, ముత్యాల్ని నా వీపు మీదే గుహకు చేరుస్తాను. నీ మీద ఒట్టు."

కాటుకమ్మ తొట్టికేసి ఒకసారి చూసింది. "కానివ్వు," అంది.

పైడమ్మ కాలవలో కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేలోగా, తడి గోనెసంచి మూట చావిడి వాకిట్లో నక్క ముందు ఉంది.

గుణాకరుడు కూర్చున్నాడు. మూట మీద ముందుకాలు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఆహా!" అన్నాడు నక్క. "నాడి కప్పలా గెంతుతోంది. రక్తంలో వేడి. ఎడమ కంట్లో పోటు ఎక్కువగా ఉంది, కుడి కంట్లో కొంచెం నయం. ఇంకా రెండు రోజుల ఆయువు ఉంది. సరైన సమయానికి వచ్చాను!"

"ఏమైనా మాట్లాడుతోందా స్వామీ?" అని కోటన్న ఆత్రంగా అడిగాడు.

నక్క చెవి ఆనించాడు. అతని మొహం కరుణతో నిండిపోయింది. "మాట్లాడుతోంది. చాలా సన్నగా. 'వైద్యమామా, నన్ను ఇక్కడి నుంచి తీసుకుపో' అంటోంది."

కోటన్న కళ్ల నుంచి బొటబొటా నీళ్లు కారాయి. కాటుకమ్మ కళ్లలో మాత్రం నీళ్లు ఆరిపోతున్నాయి.

పైడమ్మ తడికాళ్లతో వచ్చింది. మూట మీద కాలు పెట్టి, తల వంచి వింది. ముక్కుతో రెండుచోట్ల తట్టింది. వాసన చూసింది. విసుగ్గా తల ఎత్తింది.

"ఇందులో ఎవరూ లేరు. మట్టి ఉంది. నేను పొద్దుటి నుంచి చేలకు అడ్డంపడి నడిచి వచ్చింది మట్టికి మందు వేయడానికి కాదు. రోగిని ఎక్కడ దాచారు?"

కాటుకమ్మ కొమ్ముతో గోనెను ఎగరేసింది. పాత డిప్ప వాకిట్లో దొర్లింది. లోపలి మట్టి ముద్ద జారి సరిగ్గా నక్క కాళ్ల ముందు పడింది.

గుణాకరుడు దానికేసి చూశాడు. అంతటి విపత్తులోనూ అతని నాలుక తడబడలేదని ఒప్పుకోవాలి. "చూశారా ఘోరం! నేను నాడి చూసినప్పుడు రోగి లోపలే ఉంది. ఈ పిట్ట కాలు పెట్టగానే మట్టి అయిపోయింది!"

"నేను తొట్టిలోనే ఉన్నాను," అని లోపలి నుంచి నీరసంగా వినిపించింది. "ఎవరినీ మామా అనలేదు."

కోటన్న మెల్లగా లేచాడు. అతను ఏ పనైనా మెల్లగానే చేస్తాడు. కానీ లేచాక ఆగడు. "నా చేత దండం పెట్టించుకున్నావు," అన్నాడు. "నన్ను ఏడిపించావు. మట్టిముద్ద కోసం ఏడిపించావు!"

ఆ తరవాత జరిగినదానికి సాక్షులు చాలామంది ఉన్నారు, అందరి మాటా ఒక్కటే: నక్క వచ్చిన గేటును మరిచిపోయి కంచె సందుకేసి దూకాడు. మెడలోని రేకు ముళ్లతీగకు చిక్కుకుంది. వెనక కోటన్న డెక్కల చప్పుడు. నక్క ఒక్క గుంజు గుంజాడు, తాడు తెగింది, ఏడు ఊళ్లూ కంచె మీద వదిలేసి దిబ్బ అవతలికి మాయమయ్యాడు.

సూరన్న ఎగిరి వెళ్లి రేకును చూసి కెవ్వుమన్నాడు. "ఇది కాలవగట్టు మోటారుకు బిగించిన పేరు రేకు కదూ! నేను రోజూ ఆ మోటారు మీదే కూర్చుంటాను. మొన్నటి నుంచి అక్కడ నాలుగు ఖాళీ బెజ్జాలున్నాయి!"

గవరయ్య ఆనందంతో ఓండ్ర పెట్టబోయాడు. పైడమ్మ ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాడు.

"నవ్వులు తరవాత," అందామె. "రోగి."

తొట్టి అంచు మీద నిలబడి పైడమ్మ చాలాసేపు ముత్యాల్ని చూసింది. రెప్పలు చూసింది. డిప్ప అంచు చుట్టూ నొక్కింది. తొట్టిలోని నీళ్లు రుచి చూసి ఉమ్మేసింది.

"ఏం పెడుతున్నావు దీనికి?"

"నేను తినేదే," అంది కాటుకమ్మ. "తవుడు, తెలకపిండి. నా వాటాలోంచి తీసి, మెత్తగా నానబెట్టి పెడతాను. ఏనాడూ తక్కువ చెయ్యలేదు."

"ఆకు? నత్త? పురుగు?"

"అలాంటివి పెడతానా నా బిడ్డకు!"

"ఎండ తగులుతుందా?"

"ఒక్క పూట కూడా తగలనివ్వలేదు!" కాటుకమ్మ గర్వంగా మెడ ఎత్తింది. "ఎండ పడితే నా ఒళ్లు భగ్గుమంటుంది. ఇది ఇంత సుకుమారం. అందుకే మూడేళ్లుగా ఈ నీడలోనే దాచాను."

పైడమ్మ మృదువుగా అంది: "కాటుకమ్మా, నువ్వు దీన్ని ఎంతో బాగా పెంచావు. దూడను పెంచినట్టు పెంచావు. కానీ ఇది దూడ కాదు."

కాటుకమ్మ ఎత్తిన మెడ దించింది.

"అయితే ఈ జబ్బు... నేనే..." అంటూ తొట్టిలోకి చూసింది.

"అవును. తెలియక చేశావు. ఆకూ పురుగూ లేక కళ్లు వాచాయి. ఎండ లేక డిప్ప మెత్తబడింది. మాన్పవలసిందీ నువ్వే. రోజూ ఇక్కడ కూర్చోవడానికి నాకు గూడూ గుడ్లూ ఉన్నాయి. మందు చెబుతాను, చేసేది నువ్వు."

"బతుకుతుందా?"

"ఇటువంటివాళ్లను పదకొండు మందిని చూశాను. ఎనిమిది మంది బతికారు. ముగ్గురు పోయారు. ఆ ముగ్గురిలో ఇద్దరిని మరీ ఆలస్యంగా తెచ్చారు. మూడోది నా పొరపాటు. ఎండలో పెట్టమన్నాను, పక్కన నీడ ఉంచమని చెప్పడం మరిచాను. ఇప్పుడు మరవను."

ఇక గవరయ్యను ఆపడం ఎవరి తరమూ కాలేదు. "విన్నారా?" అని నాలుగు కాళ్ల మీదా గెంతాడు. "పోయినవాళ్లను కూడా చెప్పింది! తన తప్పు తానే చెప్పింది! ఇన్నేళ్లలో ఇటువంటి సాక్ష్యం నేను వినలేదు! చెల్లెమ్మా, ఈవిడ వైద్యురాలు!"

"ఈయన ఎప్పుడూ ఇంతేనా?" అని పైడమ్మ సూరన్నను అడిగింది.

"లేదమ్మా, మామూలుగా ఇంకా ఎక్కువ," అన్నాడు సూరన్న.

ఆ రోజే పని మొదలైంది. కోటన్న కొమ్ములతో తొట్టి ఒంచి పులిసిన నీళ్లు పారబోశాడు. గవరయ్య కాలవగట్టున, సగం ఎండా సగం నీడా పడే బల్లపరుపు రాయిని వెతికాడు. మూడు రాళ్లను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పరీక్షించి కాని నాలుగోదాన్ని ఎంచలేదు. సూరన్న చిన్న నత్తలు, చేపపిల్లలు తెచ్చి ముక్కుతో చితగ్గొట్టి, లోతులేని నీళ్లలో ముత్యాలు నోటి దగ్గర పెట్టేవాడు. కాటుకమ్మ కాలవలో పెరిగే తూటికూర లేత చిగుళ్లు తుంపి తెచ్చేది. పొద్దెక్కగానే ముత్యాల్ని వీపు మీద పెట్టుకుని రాయి దగ్గరికి చేర్చేది. ఆ తరవాత, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎండకు దూరంగా పారిపోయే ఆ గేదె, బిడ్డకు కాపలాగా పట్టపగలు ఎండలో నిలబడేది. ఒళ్లు భగ్గుమనేది. కదిలేది కాదు.

నాలుగు రోజులు ముత్యాలు ఏమీ తినలేదు. అయిదో రోజు నత్త ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ఆరో రోజు మింగింది! "మింగింది, మింగింది!" అని సూరన్న కాలవ పొడుగునా అరుచుకుంటూ పోయాడు. ఇరవై మూడో రోజు ఎడమ రెప్ప చిట్లినట్టు విడింది. లోపల నల్లపూసంత కన్ను మెరిసింది. అది కాసేపు అటూ ఇటూ తిరిగి కాటుకమ్మ మొహం మీద ఆగింది.

"అమ్మా, నీ ముక్కు మీద ఈగ ఉంది," అంది ముత్యాలు.

ఆ సాయంత్రం కాటుకమ్మ రెండు చెంబులు ఎక్కువ పాలిచ్చింది. ఈ సంగతి మాత్రం కోటన్న చెప్పినా నిజమే. పాలు పితికినవాళ్లూ అదే చెప్పారు.

చలి పోయింది. ఎండలు ముదిరాయి. వైశాఖంలో ఒక మధ్యాహ్నం, ఇక తాళలేక, కాటుకమ్మ రాయికి పదడుగుల దూరంలోనే కాలవలోకి దిగి మెడదాకా మునిగింది. దిబ్బ మీది పొద చాటున గుణాకరుడు ఆ అవకాశం కోసమే కూర్చుని ఉన్నాడు. తాబేలు కోలుకుంటోందన్న వార్త అతనికి ఎప్పుడో చేరింది. అతను నమ్మలేదు. "ఆకులు మేపి, రాయి మీద పడుకోబెడితే మెత్తబడిన డిప్ప గట్టిపడుతుందా? ఎవరు చూశారు?" అనుకున్నాడు. ప్రశ్న మంచిదే. జవాబును మాత్రం పంటితో వెతకబోయాడు.

పొద నుంచి రాయి వరకు ఒక్క దూకు. కాటుకమ్మ నీళ్లలోంచి తల ఎత్తేసరికి నక్క నోట్లో ముత్యాలు ఉంది. కాళ్లూ తలా కనబడటం లేదు. దవడలు బిగుసుకున్నాయి.

ఠక్కుమని చప్పుడైంది.

కాటుకమ్మ నీళ్లను చీల్చుకుంటూ ఒక్క ఊపున గట్టెక్కింది. ఆమె వచ్చేసరికి నక్క రాయి పక్కన పడి, నోరు రెండు కాళ్లతో పట్టుకుని, గుండ్రంగా దొర్లుతున్నాడు. ముత్యాలు రాయి మీద వెల్లకిలా ఉంది. డిప్ప మీద సన్నని గీత తప్ప ఏమీ లేదు.

ముందు ఒక కాలు బయటికి వచ్చింది. తరవాత తల. "అమ్మా, నన్ను తిరగెయ్యి. నా పక్కన ఎవరిదో పన్ను పడి ఉంది."

కాటుకమ్మ తాబేలును తిరగేసింది. నక్కను కొమ్ములతో ఎత్తి కాలవలోకి తిరగేసింది. గవరయ్య పరుగున వచ్చి ఆ పంటిని అన్ని వైపుల నుంచీ పరిశీలించాడు. వైద్యం పనిచేసిందనడానికి, దాన్ని నమ్మనివాడు స్వయంగా వదిలి వెళ్లిన సాక్ష్యం అది. "చూడవలసినవాళ్లందరూ చూశారా?" అని అడిగి, అందరూ చూశామన్నాకే నవ్వడం మొదలుపెట్టాడు.

గుణాకరుడు అవతలి గట్టున తేలాడు. దవడ గుమ్మడికాయలా వాచింది. నమలలేడు, మింగలేడు, ఊళ పెట్టలేడు. ఆ దిబ్బల్లోని నక్కలందరినీ వైద్యం కోసం వరసగా అడుగుతూ పోయాడు. కనబడిన ప్రతి నక్కా అతన్ని ఆదరంగా కూర్చోబెట్టి, తమ ఏడో తరం తాతగారు ఏ రాజుకు ఏ పన్ను ఎలా నయం చేశారో సాయంత్రం దాకా వినిపించింది.

వైద్యం కోరేవాళ్లు ముందు తెలుసుకోవలసింది వైద్యుడి వంశం కాదు, అతని చేతిలో బతికినవాళ్ల చిరునామా.